మోచెయ్యి సంగతి తర్వాత, ముందు బాల్ ఎక్కడ పడాలో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో "ఈ సెలవుల్లో టేబుల్ టెన్నిస్ నేర్చుకోండి" అని వచ్చింది చదివానండి. బొమ్మ బాగుంది, కానీ దాని చుట్టూ బాణాలు గీసి రాసినవి లెక్కపెడితే పదకొండు తేలాయి, మోకాళ్ళు కొంచెం వంచాలి, మోచెయ్యి ఒంటికి జానెడు దూరంలో ఉండాలి, మణికట్టు బిగించకూడదు, నడుం కుడి పక్కకి తిరగాలి, బరువు కుడికాలి మీంచి ఎడంకాలి మీదకి రావాలి, ఇలా. పదకొండిట్లో బాల్ అనే మాట ఒక్కచోట కూడా లేదు. చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఎందుకంటే ఇలాంటి లిస్టు వల్లే మావాడు ఆట మానేస్తానని ఏడ్చాడు.

మాది తెనాలి, చెన్నై కొళత్తూరుకొచ్చి పద్నాలుగేళ్ళు. మావాడికి పదేళ్ళు. 2025 మార్చిలో మన టేబుల్ టెన్నిస్ ఆటగాడు శరత్ కమల్ తన ఆఖరి టోర్నమెంట్ ఇక్కడే చెన్నైలోనే ఆడాడు కదా, అప్పట్నించీ వీడికి బ్యాట్ పిచ్చి పట్టుకుంది. శరత్ వాళ్ళది రాజమండ్రి నుంచొచ్చిన తెలుగు కుటుంబమని, ఆఖరి మ్యాచ్‌లో ఆయన్ని ఓడించిన స్నేహిత్ కూడా మన హైదరాబాద్ కుర్రాడేనని మావాడి నాన్న ఇంట్లో వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పడమే. సరే, దగ్గర్లో ఒక కోచింగ్‌లో చేర్పించాం, పేరు అనవసరం, అక్కడి కోచ్ మంచాయనే, పిల్లల్ని కొట్టడు, ఫీజు కోసం పీడించడు. కానీ వాడు ప్రతి బాల్ కొట్టే లోపల ఆయన నోరు ఆగదు. "ముళంగై! ముళంగై!" అంటే మోచెయ్యి, వెంటనే మోకాలు, తర్వాత మణికట్టు (అది తమిళంలోనూ మణికట్టే, అదొక్కటే నాకు మొదటి రోజే అర్థమైంది).

నేను బెంచీ మీద కూర్చుని చూసేదాన్ని. అవతలి పిల్లాడు బాల్ వేస్తే మావాడి కళ్ళు బాల్ మీద ఉండేవి కావు, తల వంచి తన మోచేతినే చూసుకునేవాడు, అది సరైన దూరంలో ఉందో లేదోనని, ఆ లోపల 2.7 గ్రాముల బాల్ టేబుల్ దాటి వెనకాల బీరువా కిందకి దొర్లిపోయేది. దాని కోసం వీడు పొట్ట మీద పాకడం, దుమ్ముతో లేవడం, మళ్ళీ "ముళంగై". మూడు వారాలకి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. ఇంట్లో అన్నం కలుపుకునేటప్పుడు కూడా మోచెయ్యి వంక చూసుకుంటున్నాడు అంటే నమ్మండి.

మా తమ్ముడు గుంటూరులో పీఈటీ. ఫోన్‌లో గోడు వెళ్ళబోసుకుంటే అంతా విని, "అక్కా, నీకు ముగ్గు ఎవరు నేర్పారే?" అన్నాడు. ఇదేం ప్రశ్నరా అన్నాను. అమ్మ నేర్పింది. వేళ్ళెలా పట్టాలో మొదటి రోజు ఒక్కసారి చూపించింది, ఆ తర్వాత ఎప్పుడూ వేళ్ళ గురించి ఎత్తలేదు, "వచ్చే చుక్కని చూడవే, చెయ్యి అదే పోతుంది" అనేది, అంతే. "మరి వాడికి కూడా చుక్క చూపించు" అని పెట్టేశాడు. తర్వాత చదవమని ఏవేవో పంపాడు, రాత్రిళ్ళు గిన్నెలు కడుక్కున్నాక కూర్చుని చదివాను, అందులో నాకు అర్థమైనంత వరకు మీ పాఠకుల కోసం రాస్తున్నా.

గాబ్రియెల్ వుల్ఫ్ అని ఒకావిడ ఉన్నారు, మనుషులు ఒంటితో చేసే పనులు ఎలా నేర్చుకుంటారు అన్నదే ఆవిడ చదువు. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో స్కీయింగ్ లాంటి కదలిక నేర్పే యంత్రం మీద జనాన్ని నిలబెట్టి, కొందరికి కాళ్ళతో ఎలా తొయ్యాలో కాళ్ళ మీద ధ్యాస పెట్టమన్నారు, కొందరికి కాళ్ళ కిందున్న చక్రాలని తొయ్యమన్నారు, కొందరికి ఏమీ చెప్పలేదు. కాళ్ళకీ చక్రాలకీ మధ్య దూరం ఎంతో లేదు, చెప్పిన మాటలో తేడా కూడా ఒకటి రెండు పదాలే. అయినా చక్రాల వాళ్ళు బాగా నేర్చుకున్నారు, కాళ్ళ వాళ్ళు ఏమీ చెప్పని వాళ్ళ కంటే మెరుగ్గా ఏమీ లేరు! ఇక్కడ నాకు నచ్చిందేంటంటే, నేర్చుకున్నారా లేదా అన్నది నేర్పుతున్న రోజున తేల్చలేదు, ఇంకో రోజు పిలిచి, ఏ సలహా ఇవ్వకుండా చేయించి చూశారు. మన కోచింగ్‌లలో పరీక్ష ఎప్పుడూ కోచ్ అరుస్తున్నప్పుడే జరుగుతుంది, అరుపు ఆగాక ఎంత మిగిలింది అని చూసేవాళ్ళు ఎవరు?

2005లో బాస్కెట్‌బాల్ మీద ఇంకోటి చేశారు, ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డం రాకుండా నిలబడి రింగులోకి బాల్ వేసేటప్పుడు, మణికట్టు మీద ధ్యాస పెట్టమంటే ఒక రకం, రింగు మీద పెట్టమంటే ఇంకో రకం. రింగు చూసినప్పుడు గురి బాగా కుదిరింది, పైగా చేతి కండరాల్లో విద్యుత్ కొలిస్తే అది తక్కువే ఉంది, అంటే కండరం అనవసరంగా బిగుసుకోలేదన్నమాట. మావాడి కర్ర చెయ్యి నాకు అక్కడ అర్థమైంది. ఒళ్ళు తనంతట తాను సర్దుకునే పనిలో మనం బుర్ర దూర్చి ఇది వంచు అది తిప్పు అంటే ఆ సర్దుబాటు చెడిపోతుంది, వాళ్ళు చెప్పే కారణం ఇదే.

టేబుల్ టెన్నిస్‌లోనే జరిగింది ఇంకోటుంది. టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్ (బాల్ ముందుకి గిర్రున తిరుగుతూ వెళ్ళేట్టు అరచేతి వైపు నుంచి కొట్టే దెబ్బ) కొత్తవాళ్ళకి నేర్పడానికి పది పన్నెండు సూచనల బదులు ఒక్క పోలిక చెప్పారు, బ్యాట్‌తో లంబకోణ త్రిభుజం గీస్తున్నట్టు అనుకో, కర్ణం, అంటే ఆ ఏటవాలు గీత, మీదుగా పైకి వెళ్తూ బాల్‌ని కొట్టు అని. అది 2001లో. ఆడుతూనే లెక్కపెట్టే పని లాంటిది కూడా చెయ్యమన్నా ఆ పోలికతో నేర్చుకున్నవాళ్ళ ఆట చెడలేదు, సూచనలన్నీ కంఠతా పట్టినవాళ్ళ ఆట చెడింది. తర్వాత హాంగ్‌కాంగ్‌లో చైనీస్ మాట్లాడేవాళ్ళకి ఈ త్రిభుజం అంతగా ఎక్కలేదట, అప్పుడు బ్యాట్ కొండ వాలు మీద పైకి వెళ్తున్నట్టు అని మార్చారు, అది పట్టుకున్నారు. మరి మనవాడికి ఏది ఎక్కుతుంది? కర్ణం అంటే వాడు కర్ణుడా అన్నాడు. కొండ అంటే కొళత్తూరులో కొండెక్కడిది. ఆఖరికి కింద పార్కులో ఉన్న జారుడుబల్ల గుర్తొచ్చింది, "ఒరే, జారుడుబల్లని కింద నుంచి పైకి గుడ్డతో తుడుస్తున్నావు, మధ్యలో బాల్ తగులుతుంది, దాన్ని కూడా తుడిచెయ్" అన్నా. రెండో బాల్‌కే చెయ్యి వదులైంది!

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కన ఒక పాత టేబుల్ ఉంది, దాని అవతలి మూలన స్టీల్ టిఫిన్ డబ్బా మూత పెట్టి "దాన్ని మోగించు" అన్నాను, ఇంకేం చెప్పలేదు. మొదటి రోజు బాల్ ఎవరిదో కారు అద్దానికి తగిలింది, వాచ్‌మన్ అన్నతో నాకూ మాటలయ్యాయి. మూడో రోజు సాయంత్రం ఠంగున మోగింది, వాడు ఎగిరి గంతేశాడు, నేను వీడియో తీద్దామనుకునేసరికి మళ్ళీ మోగింది. మోచెయ్యి ఎక్కడుందని చూశాను, ఇంచుమించు ఆ కోచ్ గారు అరిచి అరిచి పెట్టమన్న చోటే ఉంది.

ఒక్క పిల్లాడితో శాస్త్రం తేలదు, తెలుసు. ఈ పరిశోధనల మీద పేచీలూ ఉన్నాయి, బాగా వచ్చిన ఫలితాలే ఎక్కువగా అచ్చయ్యాయి, అసలు తేడా అంత పెద్దది కాకపోవచ్చు అని ఈమధ్య కొందరు గట్టిగానే అన్నారు. ఇంకో పక్క 2002లో, కొత్తవాళ్ళకి చేసే పని మీదే ధ్యాస ఉంటే మేలు, చెయ్యి తిరిగినవాళ్ళకే అది చెరుపు అని చూపించినవాళ్ళూ ఉన్నారు. కానీ అక్కడ పోల్చింది ఆటతో సంబంధం లేని శబ్దాలు వినడంతో, బాల్ ఎక్కడ పడాలి అనే ధ్యాసతో కాదు, ఆ రెండూ ఒకటెలా అవుతాయి? బ్యాట్ పట్టుకోవడం కూడా రాని పిల్లకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకో అని వేళ్ళు సర్ది చూపించాల్సిందే, అందులో నాకు పేచీ లేదు, మా అమ్మ కూడా ముగ్గుకి అంత చేసింది. ర్యాలీ, అంటే బాల్ అటూ ఇటూ కొట్టుకోవడం, మొదలయ్యాక కూడా వేళ్ళూ మోచేతులూ అంటూ ఉంటేనే నా బాధ.

కోచ్ గారికి ఇదంతా చెప్పడానికి నాకు ముందు మొహమాటం, తర్వాత తమిళం అడ్డొచ్చాయి. మావాడి నాన్న వెళ్ళి మెల్లిగా మూత సంగతి చెప్పారు, ఆయన నవ్వి, మర్నాడు టేబుల్ మీద రెండు చోట్ల చాక్‌పీస్‌తో గుండ్రాలు గీశాడట. "ముళంగై" ఇంకా వినిపిస్తూనే ఉంది గానీ తగ్గింది.

వచ్చే ఆదివారం సర్వీస్ (ఆట మొదలుపెడుతూ కొట్టే మొదటి దెబ్బ) గురించి అని రాశారు కదండీ మీ పేజీలో. దయచేసి ఈసారి మనిషి బొమ్మ చిన్నది వేసి టేబుల్ బొమ్మ పెద్దది వెయ్యండి. సర్వీస్‌లో బాల్ ముందు మన పక్కే పడాలి కదా, పొడుగు సర్వీస్‌కి ఆ మొదటి గెంతు మన చివర గీత దగ్గర పడాలి, పొట్టి సర్వీస్‌కి నెట్ వైపు జరగాలి, ఆ రెండు చోట్లా రెండు చుక్కలు పెట్టండి చాలు. మావాడు ఆ పేజీ కత్తిరించి టేబుల్‌కి అంటిస్తానంటున్నాడు, కాబట్టి వెనక పేజీలో సుడోకు వెయ్యకండి, అది నాది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొళత్తూరు, చెన్నై