గెలిచినవాళ్లకు సొంత పాట ఏది?

సంపాదకులకు,

టీవీ పాటల పోటీల మీద మీ ఆదివారం వ్యాసం చదివాను. హనుమకొండ చౌరస్తా దగ్గర పదహారేళ్లు క్యాసెట్ల షాపు నడిపినవాణ్ణి కాబట్టి ఒక మాట.

2005లో హిందీ టీవీ పాటల పోటీ ‘ఇండియన్ ఐడల్’ మొదటి విజేత అభిజీత్ సావంత్ ఆల్బం వచ్చింది. హిందీ ఆల్బం ఇక్కడెవరు కొంటారులే అని ఐదే క్యాసెట్లు తెప్పించాను. సాయంత్రానికి నాలుగు పోయాయి. ఐదోది ఒక డిగ్రీ పిల్లాడు తీశాడు, డబ్బులు చాల్లేదు. లోపలి మడత కాగితం విప్పి, ఎవరు రాశారో ఎవరు బాణీ కట్టారో వేలుపెట్టి మరీ చదువుకున్నాడు. మిగతా డబ్బు రేపిస్తానంటే ఇచ్చేశాను. (ఇచ్చాడు లెండి, మూడు వారాలకు.)

తర్వాత 2010లో మన శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ అదే పోటీ గెలిచారు. రేవంత్ అప్పటికే సినిమా గాయకుడు. రేవంత్ గెలిచేనాటికి నా షాపులో క్యాసెట్ల బదులు జిరాక్స్ మిషన్ ఉంది.

పోటీలో నెలల తరబడి పాడించేవి వేరేవాళ్ల పాటలే. గెలిచాక సొంత గొంతుకు సొంత పాట కావాలి కదా? మన దగ్గర జానపదాలు పాడే పిల్లలు ఏ ట్రోఫీ లేకుండానే యూట్యూబ్‌లో ఆ పని చేస్తున్నారు. మీ సినిమా పేజీలో వారానికోసారి అలాంటి కొత్త పాటల గురించి, రాసినవాళ్ల పేర్లతో సహా, నాలుగు లైన్లు వేయండి.

— పాత క్యాసెట్ల షాపాయన, హనుమకొండ