గ్రంథాలయాల్లో ఈ పుస్తకాలకూ ఒక బల్ల వేయండి

సంపాదకులకు నమస్కారం.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా మాదిరే వ్యాసరచన, క్విజ్ పోటీలు, చివరి రోజు బహుమతులు ఉంటాయి. మా బడి పిల్లలను తీసుకుని నేనూ వెళ్తుంటాను. ఈసారి వాటితోపాటు కథలు, కావ్యాల పుస్తకాలను పోటీ పరీక్షలకు చదివే పిల్లల ముందు ఒక బల్ల మీద పెట్టే పని కూడా పెట్టుకోవాలని తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రంథాలయ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

తిరుపతిలో మా ఇంటికి దగ్గరున్న గ్రంథాలయంలో పొద్దున కాస్త ఆలస్యమైతే కుర్చీ దొరకదు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు క్యారియర్ కట్టుకుని వచ్చి చీకటి పడేదాకా కూర్చుంటారు. చాలామంది పల్లెల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఇరుక్కుని ఉంటున్న పిల్లలు. వాళ్లకు అక్కడ ఇంత చోటు దొరకడం మంచిదే, అందులో తప్పుబట్టేదేమీ లేదు. కానీ వాళ్ల ముందు ఉండేవన్నీ సొంతంగా తెచ్చుకున్న మెటీరియల్, బిట్ల పుస్తకాలే. వీపు వెనకాలే ఉన్న బీరువాల్లో కథలు, కావ్యాలు, నవలలు, జీవితచరిత్రలు తాళం వేసి ఉంటాయి.

‘గబ్బిలం’ ఎవరు రాశారంటే ఆ హాల్లో ఎవరైనా జాషువా అని ఠక్కున చెబుతారు. 1941 అని సంవత్సరం కూడా చెబుతారు. అది బిట్టు కాబట్టి. కావ్యం చదివినవాళ్లు మాత్రం నేను మాట్లాడినవాళ్లలో ఒక్కరూ లేరు. గుళ్లోకి రానివ్వని మనిషి ఒకడు గబ్బిలంతో మొర పెట్టుకుంటాడందులో. గుళ్లో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది కదా, పూజారి లేని వేళ చూసి నా సంగతి చెప్పమని బతిమాలుకుంటాడు. గుడిని నమ్ముకుని బతికే మన ఊళ్లో కూర్చుని ఆ పద్యాలు చదివితే కాసేపు నోట మాట రాదు. రేపు తహసీల్దారు కుర్చీలోనో, ఎస్సై కుర్చీలోనో కూర్చోబోయేది ఈ పిల్లలే. అర్జీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని వాళ్లు ఏ కంటితో చూస్తారన్నది మనందరికీ సంబంధించిన విషయం. అందుకే ఇలాంటి పుస్తకాలు ముందుగా అందాల్సింది వాళ్లకే అంటాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పోయిన ఏడాది పదో తరగతి అమ్మాయి ఒకతె ‘ఏడుతరాలు’ తీసుకెళ్లింది. అలెక్స్ హేలీ 1976లో అచ్చు వేసిన పుస్తకానికి సహవాసి అనే రచయిత చేసిన తెలుగు అనువాదం అది. ఆఫ్రికాలోని గాంబియా నుంచి గొలుసులు వేసి ఓడలో అమెరికాకు తోలుకుపోయిన కుంటా కింటే కథ. తొలి పూర్వీకుడి గురించిన నాలుగు మాటలను ఆ ఇంటివాళ్లు బిడ్డలకు చెప్పుకుంటూ రావడం వల్లనే ఆ కథ నిలిచింది. పుస్తకం ముగించిన రోజు ఈ పిల్ల వాళ్ల అవ్వను పట్టుకుని పేర్లు అడిగిందట. అవ్వకు వాళ్ల అవ్వ పేరు దాకా తెలుసు, ఆపైన తెలియదు. తమవాళ్లు బెల్లం గానుగల కాడ కూలికని కుప్పం వైపు నుంచి వచ్చారని మాత్రం చెప్పింది. ఆ పేర్లన్నీ నోట్‌బుక్ చివరి పేజీలో కిందినుంచి పైకి రాసుకుని, అన్నిటికంటే పైన ఒక గీత గీసి ఖాళీ వదిలేసింది. సాంఘిక శాస్త్రంలో వలసల పాఠం చదివినప్పుడు ఆ పిల్లకు ఇంట్లో ఎవరినీ అడగాలనిపించలేదు.

మన ప్రాంతపు పుస్తకాల్లో నామిని ‘మిట్టూరోడి కథలు’ ఎవరికైనా నిస్సంకోచంగా ఇవ్వొచ్చు. మన ఇళ్లల్లో మాట్లాడే మాట అచ్చులో కనబడేసరికి పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత పుస్తకం వదలరు.

తల్లిదండ్రులకు, నాతోటి ఉపాధ్యాయులకు అయితే ‘రైలుబడి’ చెబుతాను. యుద్ధకాలంలో టోక్యోలో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి గురించి, అక్కడ చదివిన తెత్సుకో కురొయనాగి రాసుకున్నది. అల్లరి పిల్లని ముందు బడివాళ్లు పంపించేస్తే, ఇక్కడి హెడ్మాస్టర్ కొబయాషి తొలిరోజే ఆమె చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని విన్నాడు. మార్కుల టెన్షన్‌తో ఇంటర్ పిల్లలను హాస్టళ్లలో పెట్టి, ఆదివారం ఫోన్లో ర్యాంకు ఒక్కటే అడిగే అమ్మానాన్నలు ఆ నాలుగు గంటల సంగతి తప్పకుండా చదవాలి.

నేను అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. ప్రతి గ్రంథాలయంలో పరీక్షల పిల్లలు కూర్చునే హాల్లోనే, కంటికి ఎదురుగా ఒక బల్ల వేసి ఇలాంటి పుస్తకాలు ఇరవయ్యో ముప్పయ్యో పరిచిపెట్టండి. చదివినవాళ్లు ఎందుకు చదవాలో రెండు వాక్యాలు రాసి లోపల పెట్టేలా చీటీలు ఉంచండి. అడిగినవాళ్లకు డిపాజిట్ లేకుండా వారం రోజులకు ఇవ్వండి. ఒకటి రెండు పోతే పోనివ్వండి. ఆస్తి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము బకాయి లేకుండా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, అందులో కొంత ఈ పుస్తకాలకు కేటాయించాలి. గ్రంథాలయ ఉద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారి కాలంలో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ వెళ్లాయి. ఇక్కడ చదివేవాళ్లు తామే నడిచి వచ్చి కూర్చున్నారు.

వారోత్సవాల ఏడు రోజులూ బడి వదిలాక ఆ బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు ఇచ్చే పని అప్పగిస్తే నేను చేస్తాను. మా బడిలో ఇంకో ఇద్దరు టీచర్లు కూడా వస్తామన్నారు.

– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, తిరుపతి