ల్యాపింగ్‌కి పంపే ముందు ఒక్కసారి బుడగ చూడరా

ఒరేయ్ రాజూ,

నీ మెసేజ్ రాత్రి పదకొండున్నరకి చూశాను. మెషిన్ షాపు నుంచి నిన్ను టెస్ట్ బేకి మార్చారని చదవగానే చాలా సంతోషం వేసింది. కింద చూస్తే పది గేట్ వాల్వులకి (పైపులో ప్రవాహాన్ని లోపలి పలకతో మూసేవి) సీట్ లీకు, అంటే మూసినా ఆ పలక ఆనే చోట కారడం, నెలాఖరు డిస్పాచ్ నెత్తిమీద ఉంది, అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు అని రాశావు. అది చదివాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే ఆదివారం పొద్దున్నే కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. ఇది దగ్గర పెట్టుకుని రేపు షాపులోకి దిగు.

ముందు నీ పెద్ద ప్రశ్న: నీళ్లతో పాసైన వాల్వు గాలితో ఎందుకు ఫెయిలవుతోంది? 6 అంగుళాల క్లాస్ 300 (ప్రెషర్ తరగతి), డబ్ల్యూసీబీ (పోత కార్బన్ స్టీలు) బాడీ అన్నావు కదా, దాని రేటింగ్ మామూలు ఉష్ణోగ్రతలో 51.1 బార్. హై ప్రెషర్ సీట్ టెస్ట్ దానికి 1.1 రెట్లు, అంటే దాదాపు 56 బార్. 150 మిల్లీమీటర్ల రంధ్రం మీద 56 బార్ అంటే ఎంత బలమో లెక్క కట్టావా? సుమారు పది టన్నులు. ఆ పది టన్నులు వెడ్జిని, అంటే మూసే ఆ పలకని, అవతలి సీటుకేసి అదిమి పెడతాయి, చిన్న చిన్న వంకరలన్నీ ఆ అదుములో సర్దుకుంటాయి. అదే గాలి టెస్ట్ 4 నుంచి 7 బార్ మధ్య. అప్పుడు వెడ్జి మీద పడేది టన్ను చుట్టుపక్కలే, పైగా నీరు దూరలేని సందులో గాలి దూరుతుంది. అందుకే ఈ సైజు గేట్ వాల్వులకి వాల్వుల పరీక్షల ప్రమాణం ఏపీఐ 598 గాలి టెస్టునే తప్పనిసరి చేసి, హై ప్రెషర్ సీట్ టెస్టుని ఐచ్ఛికంగా వదిలింది. గాలి టెస్ట్ అంటే చిన్న టెస్ట్ అని మీ వాళ్లు అంటున్నారన్నావే, వాళ్ల మాట పట్టించుకోకు. మెటల్ సీటుకి ఈ సైజులో నిమిషానికి 12 నీటి చుక్కల దాకా, గాలి అయితే 24 బుడగల దాకా ఒప్పుకుంటారు. రబ్బరు లాంటి సాఫ్ట్ సీటు అయితే ఒక్క బుడగ కూడా రాకూడదు.

ఇప్పుడు అసలు మాట. లీకు కనబడగానే వాల్వు విప్పి ల్యాపింగ్‌కి, అంటే సీటు ముఖాన్ని పేస్టుతో రుద్ది నునుపు చేయడానికి, పంపడం అందరికీ అలవాటు. నాకూ ఉండేది. దాని ఖరీదు ఎంతో నేను ఇంతకుముందు పనిచేసిన చోట తెలిసొచ్చింది. నీ కేసు లాంటిదే, 6 అంగుళాలవే, 12 వాల్వులు. నీళ్లతో మూడు నాలుగు చుక్కలు, లిమిట్ లోపలే. గాలి పెడితే లెక్కపెట్టలేనన్ని బుడగలు. నాలుగు రోజులు వరసగా ల్యాపింగ్ చేయించాను. విప్పడం, రుద్దడం, ఎక్కడ ఆనుతోందో తెలియడానికి నీలం రంగు రాసి చూడడం, బిగించడం, మళ్లీ గాలి పెట్టడం. వెడ్జికీ సీటుకీ మధ్య నీలం అద్దం మీద గీసినట్టు చుట్టూ పడుతోంది, అయినా బుడగలు ఆగవు. రాత్రి షిఫ్టు కుర్రాళ్ల చేతులు ల్యాపింగ్ పేస్టుతో నల్లబడిపోయాయి, వాళ్ల ముఖాలు చూడలేకపోయేవాణ్ణి.

ఐదో రోజు మా ఫిట్టర్ మేస్త్రి వచ్చాడు. ఆయన కోయంబత్తూరు తెలుగాయన, తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ యాస మన చెవికి కొత్త. వాల్వుని రంధ్రం పైకి వచ్చేలా నిలబెట్టించాడు, కింది ఫ్లాంజికి బ్లైండు (మూత పలక) కట్టి గాలి ఇప్పించాడు, పైన వెడ్జి మీద రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి టార్చి పట్టుకుని వంగి చూశాడు. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి, బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు నాయనా అన్నాడు. చూశాను. వెడ్జి, సీటు కలిసే గీత దగ్గర ఒక్క బుడగ కూడా లేదు. సీట్ రింగు బాడీలో కలిసే చోటు నుంచి, మర చివర నుంచి, ఆవగింజలంత బుడగలు వరసగా పైకొస్తున్నాయి. లీకు సీటు ముఖం మీద లేదు, సీట్ రింగు వెనకాల ఉంది! నాలుగు రోజులు మేం రుద్దింది తప్పే లేని ముఖాన్ని.

రింగు విప్పి వెనక భుజానికి (బాడీకి ఆనే అంచుకి) నీలం రాసి మళ్లీ బిగించి తీస్తే, వెడల్పుగా పట్టీలా పడాల్సిన రంగు బయటి అంచున దారపు పోగంత గీతగా పడింది. కారణం వెతుక్కుంటూ మెషిన్ షాపుకి వెళ్తే, బాడీలో రింగు కూర్చునే గాడి తీసే ఇన్సర్ట్ (కోత పనిముట్టు మొన) 0.4 మిల్లీమీటర్ల ముక్కు రేడియస్‌ది అయిపోయి 0.8 వేశారు. రింగు అంచు చాంఫర్ (ఏటవాలు కోత) 0.5 మాత్రమే. ఇక రింగు అడుగుకి ఎలా దిగుతుంది? మూలలో ఉన్న రేడియస్ మీద ఎక్కి కూర్చుంది, అడుగుకీ రింగుకీ మధ్య మిల్లీమీటరులో నాలుగైదు వందల వంతు సందు. ఆ గీత కాంటాక్టు నీళ్లని చాలావరకు ఆపింది, గాలిని ఆపలేకపోయింది. రింగుల చాంఫర్ 1 మిల్లీమీటరు చేసి మళ్లీ బిగించాం, 12 వాల్వులూ ఒక్క రోజులో పాసయ్యాయి. నువ్వు మెషిన్ షాపు నుంచి వచ్చినవాడివి కాబట్టి నీకు ఇది నాకంటే తొందరగా కళ్లకు కడుతుంది, అదే నీ బలం.

ల్యాపింగ్ ఊరికే రాదురా. రుద్దినప్పుడల్లా సీటు మీది గట్టి స్టెలైట్ లోహం పూత తగ్గుతుంది, ఫినిష్ అయ్యాక కనీసం 1.6 మిల్లీమీటర్లు మిగలాలని గేట్ వాల్వుల ప్రమాణం ఏపీఐ 600 చెబుతుంది. వెడ్జి కూడా కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. కొత్త వాల్వులో వెడ్జి సీటు మధ్య కన్నా కాస్త పైన కూర్చోవాలి, వాడుకలో అరిగేకొద్దీ దిగడానికి చోటుండాలి కదా. ఆ చోటుని మనమే షాపులో తినేస్తే కస్టమర్‌కి ఏం మిగులుతుంది?

ఇంకోటి, హ్యాండ్‌వీల్‌కి పైపు తగిలించి బిగిస్తే లీకు ఆగుతోందని రాశావు. వద్దు, దయచేసి ఆ పని ఎవర్నీ చేయనివ్వకు. ఈ రోజు పాసవుతుంది, రేపు ప్లాంటులో ఎవరో ఆపరేటరు అర్ధరాత్రి మామూలుగా చేత్తో మూస్తాడు, లైను ఆగదు. పైగా స్టెమ్ (వెడ్జిని నడిపే కడ్డీ) వంగుతుంది, స్టెమ్ నట్ మరలు పోతాయి. ఒక మనిషి రెండు చేతులతో మామూలుగా బిగించినంత, అంతే.

షెల్ టెస్టులో, అంటే బాడీ కారుతోందా అని చూసే నీళ్ల పరీక్షలో, బాడీ చెమట పడుతోందన్నావు కదా. కాస్టింగులో సన్నటి రంధ్రాలుంటే నీళ్లు ధార కట్టవు, చెమటలాగే పడతాయి. అందుకే ఈ టెస్ట్ పెయింటు వేయకముందే చేయాలి, పెయింటు కింద చెమట కనబడదు. అనుమానమున్న చోట తడి తుడిచి సుద్దపొడి రాయి, ఒక నిమిషం పూర్తిగా ఆగు, పొడి మీద తడి మచ్చ దానంతటదే తేలుతుంది. సుత్తితో కొట్టి మూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ప్రమాణాలు దాన్ని ఒప్పవు. తవ్వి వెల్డు చేయాలి. తవ్విన లోతు గోడ మందంలో 20 శాతం దాటితే అది పెద్ద రిపేరు కిందికి వస్తుంది, వెల్డు తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ ఉంటుంది. నీ సైజు గోడ 16 మిల్లీమీటర్లు అనుకుంటే 3.2 దాటగానే అన్నమాట. వెల్డర్‌ని లోతు అంచనాగా చెప్పమనకు, డెప్త్ గేజితో కొలిచి కాగితం మీద రాయి. ఇన్‌స్పెక్టరు అడిగేది అదే.

స్టెయిన్‌లెస్ వాల్వులకి బోరు నీళ్లు వాడుతున్నారా? ఇక్కడ కోయంబత్తూరులో తాగడానికి సిరువాణి నీళ్లు తియ్యగా వస్తాయి కానీ ఫ్యాక్టరీ బోరు నీళ్లు ఉప్పన. మేం స్టెయిన్‌లెస్‌కి విడిగా డీఎం (ఖనిజాలు తీసేసిన) నీళ్లు పెట్టుకున్నాం, క్లోరైడు 30 పీపీఎం దాటకూడదు. టెస్ట్ అయ్యాక లోపల గాలి కొట్టి ఆరబెట్టాలి, గేట్ వాల్వులో అడుగున నిలిచే నీళ్లని అందరూ మర్చిపోతారు. కార్బన్ స్టీలుకైతే తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ కలిపిన నీళ్లు సరిపోతాయి.

చివరగా ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. షెల్ టెస్టుకి నీళ్లు నింపేటప్పుడు పైన గాలి పూర్తిగా పోయేదాకా వెంటు తెరిచే ఉంచు, నీళ్లు బుడగల్లేకుండా వచ్చాకే మూయి. నీళ్లు పిండుకుపోవు, ఏదైనా ఊడితే ప్రెషర్ వెంటనే పడిపోతుంది. లోపల గాలి చిక్కుకుంటే అదే స్ప్రింగులా దాచుకుని ఒక్కసారిగా విసిరేస్తుంది. బ్లైండు ఫ్లాంజికి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకు, నువ్వూ నిలబడకు. బుడగలు లెక్కపెట్టేటప్పుడు కూడా పక్కనుంచే చూడు.

రేపు పది వాల్వులూ విప్పేయొద్దు. ఒక్కటి నిలబెట్టి, నీళ్లు పోసి, బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు. రింగు వెనక నుంచి అయితే విప్పి నీలం పరీక్ష చేసి ఫోటో పెట్టు, భుజం మీద ఎంత వెడల్పు రంగు పడిందో స్కేలు పక్కన పెట్టి తీయి. వెడ్జి గీత దగ్గర నుంచి అయితే ఏ పక్క, కిందా పైనా, అది రాయి. షిఫ్టు అయ్యాక ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి, ఎత్తుతా.

దసరాకి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తున్నా, అమ్మకి చెప్పు, గోంగూర పచ్చడి కోసం ఒక డబ్బా తెస్తున్నానని.

నీ
కిరణ్