పిల్లాడి పేరు రాసుకున్నారు, అంతే

తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. భార్యను కొట్టిన మగవాణ్ణి నేను. సానుభూతి కోసం రాయడం లేదు.

మా నాన్న తాగి వచ్చిన రాత్రి చెప్పుల చప్పుడుకే మాకు తెలిసిపోయేది. అమ్మ మమ్మల్ని నవారు మంచం కిందికి తోసేసేది. తమ్ముడి నోరు నేను అరచేత్తో మూసి పట్టుకునేవాణ్ణి. అక్కణ్ణుంచి అమ్మ కాళ్లు మాత్రమే కనబడేవి. పొద్దున్నే నాన్న హోటల్ నుంచి ఇడ్లీ కట్టించుకొచ్చేవాడు. రాత్రి సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఓసారి ఏడిస్తే నానమ్మ, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అంది. ఏడుపు మానేశాను. కోపం మాత్రం ఎవరూ మానమనలేదు.

పెళ్లయిన ఏడేళ్లకు, ఫోన్ ఎత్తలేదని నా భార్యను కొట్టాను. చూస్తే మా ఆరేళ్లవాడు బీరువాకీ గోడకీ మధ్య సందులో ఉన్నాడు. నా మొహం కాదు, కాళ్ల వైపు చూస్తున్నాడు.

తమ్ముడూ ఆ మంచం కిందే పెరిగాడు. ఇంతవరకు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కాబట్టి తప్పు నాన్న మీదికి నెట్టేస్తే కుదరదు. కాకపోతే వాడికి హాస్టల్లో ఒక మాస్టారు దొరికాడు, కూర్చోబెట్టి మాట్లాడించేవాడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనవారే. ఆ ఇళ్లలో మంచాల కింద ఎంతమంది ఉన్నారో!

నా భార్య ఫిర్యాదు చేసింది, మంచి పని చేసింది. గృహ హింస చట్టం కింద నింపే నివేదికలో పిల్లల పేరు, వయసు, ఎవరి దగ్గర ఉంటున్నారు అని గళ్లుంటాయి. మావాడి పేరు రాసుకున్నారు. వాడేం చూశాడో ఎవరూ అడగలేదు. నాకు కౌన్సెలింగ్ అన్నారు. ఇరవై నిమిషాలు. "సర్దుకుపోండి" అని ఇద్దరికీ చెప్పి సంతకాలు తీసుకున్నారు. దెబ్బలు తిన్న మనిషి దేనికి సర్దుకుపోవాలి?

కొట్టినవాణ్ణి విడిగా కౌన్సెలింగ్‌కు పంపే వీలు 2005 చట్టం సెక్షన్ 14లోనే ఉంది. దాన్ని నెలల తరబడి, వారం వారం జరిగేలా చేయండి. శిక్షకు బదులుగా కాదు, శిక్షతో పాటు. నివేదికలో పేరెక్కిన ప్రతి పిల్లాడితో వారంలోగా ఒక కౌన్సెలర్ మాట్లాడాలని ఉత్తర్వు ఇవ్వండి.

నా భార్య పుట్టింట్లో ఉంది. తిరిగి రావడం, రాకపోవడం తన ఇష్టం. బాబును శనివారాలు నా దగ్గరకు పంపుతోంది. గుమ్మం దగ్గర నా చెప్పుల చప్పుడు వినగానే వాడు టీవీ సౌండ్ తగ్గించేస్తాడు.

ఇట్లు,
ఒక తండ్రి