పిల్లల చేత ఒక్క బోర్డయినా చేయించండి

సంపాదకులకు నమస్కారం.

సైన్స్ ఫెయిర్ల ఫొటోలు మీ జిల్లా పేజీలో వచ్చినప్పుడల్లా శ్రద్ధగా చూస్తాను. పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది గానీ ఒక వెలితి మిగిలిపోతుంది. వైర్లు గుచ్చి తీసేసుకునే చిల్లుల పలక, అదే తెల్లటి బ్రెడ్‌బోర్డు, దాని నిండా రంగురంగుల వైర్లు, పక్కన కొనుక్కొచ్చిన ఆర్డుయినో అనే రెడీమేడ్ చిన్న కంప్యూటర్ బోర్డు. ప్రదర్శన అయిపోగానే వైర్లు పీకి డబ్బాలో పడేస్తారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, వాళ్ల బళ్లోనూ ఇదే తంతు. ఆ పిల్లల చేత సొంతంగా, వైర్లకు బదులు రాగి గీతలుండే సర్క్యూట్ బోర్డు ఒకటి చేయించాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. భీమవరం దగ్గర మోటారు స్టార్టర్లు, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల ప్యానెళ్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. రొయ్యల చెరువులున్న ఊళ్ల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోవచ్చు. అందుకని మా బావమరిది గట్టు మీద షెడ్డులోనే పడుకునేవాడు. మూడేళ్ల కిందట అతని కోసం, మూడు ఫేజుల్లో ఏది పోయినా ఫోను చేసే పరికరం ఒకటి కట్టాను. అదీ బ్రెడ్‌బోర్డు మీదే. షాపులో బల్ల మీద ఒక్కసారి కూడా తప్పలేదు. గట్టు మీద మాత్రం పదకొండు రోజులే పనిచేసింది. తేమకు, పక్కనున్న మోటారు అదురుకు వైర్లు పట్టు వదిలేశాయి. ఆ రాత్రి ఫేజు పోయింది, ఫోను రాలేదు. బావమరిది మెలకువగా ఉండి జనరేటర్ వేసుకోబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పాపం నాదే.

అప్పుడు బోర్డు గీయడం నేర్చుకున్నాను. బోర్డు గీతలు కంప్యూటర్‌లో గీసుకునే కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. 1992లో ఫ్రాన్స్‌లో ఝాన్-పియెర్ షారా అనే అధ్యాపకుడు మొదలుపెట్టాడట, తర్వాత సెర్న్ పరిశోధన సంస్థ కూడా దానికి చేయి అందించింది. ఆర్డుయినో మొత్తం పెట్టక్కర్లేదు, అందులో ప్రోగ్రామ్ నడిపే 28 కాళ్ల ఏటీమెగా చిప్పు, దానికి తాళం వేసే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పీకోఫారడ్ కెపాసిటర్లు ఉంటే చాలని అప్పుడే తెలిసింది. మొదటి బోర్డు ఇంట్లోనే వేశాను. లేజర్ ప్రింటు తీసి, ఇస్త్రీ పెట్టెతో రాగి రేకు మీదికి అద్ది, సిరా లేనిచోట రాగిని కరిగించేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచాను. గీతలు చక్కగా వచ్చాయి. కానీ ప్రింటు తీసేటప్పుడు మిర్రర్ అన్నచోట టిక్ పెట్టడంతో బొమ్మ కుడిఎడమలు మారిపోయింది. చిప్పు ఒకటో కాలు రావలసిన చోట ఇరవై ఎనిమిదో కాలు వచ్చింది.

రెండో బోర్డు నాకు నేర్పినంత పాఠం ఐటీఐలో కూడా నేర్చుకోలేదు. ఫోను ఒక్క రింగయి ఆగిపోయేది, మళ్లీ ఒక్క రింగు, మళ్లీ ఆగడం. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తప్పు రాగి గీతలో ఉంది. ఫోను చేసే భాగం, అదే సిమ్ వేసే జీఎస్ఎం మాడ్యూలు, టవరుతో మాట్లాడే క్షణంలో 2 యాంపియర్ల దాకా లాగుతుంది. నేను దానికి అర మిల్లీమీటరు గీత గీసి, అదే గీత మీద నుంచి చిప్పుకూ కరెంటు ఇచ్చాను. మాడ్యూలు లాగగానే వోల్టేజి పడిపోయి, చిప్పు కళ్లు తిరిగినట్టయి మళ్లీ మొదటికొచ్చేది. గీతను 3 మిల్లీమీటర్లు చేసి, మాడ్యూలు కాళ్ల దగ్గరే కాస్త కరెంటు దాచిపెట్టి అవసరానికి ఇచ్చే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, చిప్పును ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ పెట్టాక రింగు తెగలేదు. వోల్టేజి పడిపోవడమంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ, రాగిలో చూసింది ఆ రోజే.

మూడో బోర్డు మాత్రం మన దేశంలోనే ఒక కంపెనీకి ఫైళ్లు పంపి చేయించాను. పచ్చటి పూత, తెల్లటి అక్షరాలతో వచ్చింది. ఒక మూలన మా అమ్మాయి తెలుగులో ‘చెరువు’ అని రాసిచ్చిన బొమ్మ అచ్చయింది. కాళ్లను బోర్డుకు అతికించే సోల్డరింగ్ సగం తనే చేసింది. సోల్డరింగ్ ఐరన్ మొన బోర్డు మీది రాగి ప్యాడ్‌కూ కాలుకూ రెంటికీ ఒకేసారి తగలాలి, అవి వేడెక్కాక సీసం తీగ ఆనించాలి. సీసం చుక్క ఒక్కసారిగా కరిగి కాలు చుట్టూ పాకి, చిన్న గోపురంలా మెరుస్తూ నిలబడుతుంది. ఉండకట్టి మసకగా ఉంటే డ్రై సోల్డర్, అంటే అతుకు సరిగ్గా పడనట్టే. నాలుగో కాలుకే తనకు అది పట్టుబడింది. ఆ బోర్డు రెండు పంటలుగా గట్టు మీద పనిచేస్తోంది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో సర్కారు బళ్లలో పిల్లలు పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 50,000 పెడతామన్నారు. చాలా మంచి మాట. ఆ ల్యాబ్‌కు వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఏడాదికి ఒక్క బోర్డయినా గీసి, అచ్చు వేయించుకుని, తన చేత్తో సోల్డర్ చేసే ఏర్పాటు అందులో ఉండాలి. చెట్టు కుండీలో తేమ చూపించే లైటయినా చాలు. అయితే 5 వోల్టులు దాటనివ్వొద్దు. నా బోర్డులో 230 వోల్టుల గీతలకూ చిప్పు వైపు గీతలకూ మధ్య 6 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, రెండు వైపులా తీగ కలపకుండా వెలుతురుతో సంకేతం పంపే ఆప్టోకప్లర్ పెట్టాను, అది పిల్లల చేత చేయించే పని కాదు. ఫెర్రిక్ క్లోరైడ్ కూడా బళ్లో వద్దు. వాడేసిన ఆ నీళ్లలో కరిగిన రాగి ఉంటుంది, కాలవలో పారబోస్తే చేపలకు, రొయ్యలకు విషం. బోర్డులు బయట వేయించడమే మేలు. సోల్డరింగ్ చేసేచోట కిటికీలు తెరిచి ఉంచాలి, సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగించాకే అన్నానికి పంపాలి.

మా చుట్టుపక్కల ఏ సర్కారు బడి పిలిచినా ఆదివారాలు వచ్చి నేర్పుతాను. ఐరన్లు, సీసం తీగ నేనే తెస్తాను. బోర్డుల ఖర్చు మాత్రం ల్యాబ్ గ్రాంటు నుంచి పెట్టుకోవడానికి హెడ్మాస్టర్లకు విద్యాశాఖ అనుమతివ్వాలి.

— ఒక మోటారు మెకానిక్, భీమవరం మండలం