ఫోన్లో చెప్పలేని సంగతి

ఒరేయ్ బుల్లిగా,

ముందే చెబుతున్నాను, తిట్టకు. నువ్వు పంపిన వాయిస్ మెసేజులన్నీ విన్నాను. చివరిదాంట్లో నన్ను ఏమన్నావో అదీ విన్నాను, పక్కన మా ఆవిడ కూడా వింది. జవాబు ఆలస్యమైందంటే కారణం ఉంది. మా ఇంట్లో ఫోన్లో ఏం మాట్లాడినా వీధి అరుగు దాకా వినబడుతుంది. నేను చెప్పాల్సిన సంగతేమో ఆ అరుగు మీద మనిషిదే. మీ సందు చివర మేస్త్రీ సెలవైపోయి కువైట్ వస్తున్నాడని, మీ పెద్దమ్మ పచ్చళ్ళు మూట కడుతోందని తెలిసింది. అందుకే కాగితం తీశాను. చదివి చింపెయ్. చింపకపోయినా ఫోటో తీసి మన గ్రూపులో మాత్రం పెట్టకు, తవుడు కేసు గుర్తుందిగా.

ఊరి సంగతులు గబగబా చెప్పేస్తాను. గోదారి ఎర్రగా వచ్చేసింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లంకల వాళ్ళు పశువుల్ని గట్టు మీదకి తోలుకొచ్చారు. కొబ్బరికాయ ధర అడక్కు. పులస వాసన పక్కింట్లోంచి వచ్చింది, అంతవరకే మన ప్రాప్తం. కోటిపల్లి - నర్సాపురం రైలు నువ్వు వెళ్ళేటప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గొడుగు మాస్టారు కులాసా. గొడుగు కూడా.

ఇంక అసలు సంగతికి వస్తాను.

కిందటిసారి నువ్వు ఓ క్రోమ్‌కాస్ట్ ఇచ్చి వెళ్ళావు కదా, టీవీ వెనక గుచ్చేది, రిమోట్ లేనిది. 2013లో గూగుల్ వాళ్ళు మొదటిది అమ్మినప్పుడు ఫోనే రిమోట్ అన్నారట, 2020లో గానీ దానికి విడిగా రిమోట్ ఇవ్వలేదట. మా ఇంటికి సరిగ్గా సరిపోయింది. ఎందుకంటే టీవీ రిమోట్ సంగతి నీకు తెలుసు. ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు, అరచేత్తో రెండు దెబ్బలు, అయినా సౌండ్ పెరుగుతుంది గానీ తగ్గదు. అందుకని మా ఆవిడ ఫోన్లోంచే అన్నీ టీవీకి పంపడం మొదలుపెట్టాం. సాయంత్రం సీరియళ్ళు అమ్మకి, రాత్రి పాత పాటలు నాన్నకి, బావ వస్తే క్రికెట్.

మొదట్లో అమ్మకి ఒకటే టెన్షన్. కోడలికి ఫోన్ వస్తే తన సీరియల్ ఆగిపోతుందేమోనని. ఆగదమ్మా, ఫోన్ ఊరికే ఫలానాది వెయ్యమని చెబుతుంది, ఆ బొమ్మని నెట్‌లోంచి లాక్కునేది టీవీ వెనక ఉన్న ముక్కే, నువ్వు ఫోన్ ఆపేసినా అది ఆడుతూనే ఉంటుందని చెప్పాను. నమ్మలేదు. మా ఆవిడ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో సావకాశంగా మాట్లాడి వచ్చింది. సీరియల్ ఆగలేదు. అప్పుడు నమ్మింది.

అలా నమ్మిన కొన్నాళ్ళకి ఆగడం మొదలైంది.

సరిగ్గా రసపట్టులో ఆగేదిరా! అత్తగారు తలుపు తీస్తుంది, అవతల ఎవరున్నారో చూపించబోతారు, టక్. బొమ్మ అలా నిలబడిపోయేది. మా ఆవిడ ఫోనేమో టీపాయ్ మీద ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మళ్ళీ నొక్కితే ఆడేది. మర్నాడు మళ్ళీ. అమ్మ ముందు నెట్ వాళ్ళని తిట్టింది, తర్వాత నిన్ను తిట్టింది (వస్తువు నీదిగా), ఆ తర్వాత ఎదురింటావిడ కన్ను పడిందని ఉప్పూ మిరపకాయలూ టీవీ చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఇల్లంతా ఘాటు, అందరం దగ్గులు.

నెట్ కుర్రాడొచ్చాడు. వాడు వచ్చిందొకందుకు, చేసిందొకటి. టీవీ రిమోట్ తీసుకుని ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కాడు. చివర ఉన్న బుల్లి దీపం మన కంటికి కనబడదు గానీ కెమెరాలో ఊదారంగులో మిణుకు మిణుకుమంది. "రిమోట్ బానే ఉందండి, ఆయ్" అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు. రిమోట్ గురించి వాణ్ణి ఎవరడిగారు?

తర్వాత బావ దిగాడు అమలాపురం నుంచి. నీకు బావ తెలుసుగా, ఏ వస్తువైనా ముందు విప్పాలి. టీవీ యూఎస్‌బీ లోంచి కరెంటు ఇస్తున్నారు, అది చాలడం లేదు, గోడ ప్లగ్గులోంచి ఇవ్వండి అన్నాడు. నిజంగా కరెంటు చాలకపోతే అది మొత్తం ఆరిపోయి మళ్ళీ మొదట్నించి లేస్తుంది బావా, ఇది అలా లేదు అన్నాను. వినడు కదా. గోడ ప్లగ్గు పెట్టాం. ఆ సాయంత్రమే ఆగింది, ఆయన ఎదురుగానే. నాకు లోపల ఎంత ఆనందంగా ఉందో.

ఆ రోజే కాస్త దగ్గరగా వెళ్ళి చూశాను. నెట్ ఆగిపోతే తెర మధ్య గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది కదా. ఇక్కడ అదేమీ లేదు. పక్కపక్కన రెండు నిలువు గీతలు. అంటే ఇది ఆగిపోవడం కాదు, ఎవరో ఆపడం.

ఒళ్ళు జల్లుమంది. ఎవరు? పక్కింటి పిల్లాడు వైఫై పాస్‌వర్డ్ ఎప్పుడో అడిగి తీసుకున్నాడు. వాడే అనుకున్నాం. పాస్‌వర్డ్ మార్చేశాను. ఇంట్లో అందరి ఫోన్లలో కొత్తది ఒక్కొక్కటిగా వేస్తుంటే అరుగు మీంచి తాతయ్య పిలిచి, "ఒరే అబ్బాయ్, నా దాంట్లో కూడా వెయ్యరా, భాగవతం వినాలి" అన్నాడు. పాపం అనుకుని వేశాను. కళ్ళజోడు పైకి తోసుకుని ఎంత అమాయకంగా చూశాడనుకున్నావ్!

నీకు ఈపాటికి అర్థమైపోయుంటుంది. నాకు మాత్రం మొన్న ముసురు పట్టిన రోజు దాకా అర్థం కాలేదు. ఆ రోజు చూరు కింద ఆరేసిన తాటాకు సర్దుతూ అరుగు చివర, స్తంభం పక్కన ఉన్నాను. నేనున్నట్టు తాతయ్యకి తెలీదు. లోపల సీరియల్ పెద్ద గొంతుతో నడుస్తోంది, బయట వాన. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. దిండు కింద నుంచి ఫోన్ తీశాడు. పంచె అంచుతో తుడిచాడు. కళ్ళజోడు సర్దుకుని, ఎడం చేత్తో ఫోన్ని దూరంగా పట్టుకుని, కుడి చూపుడువేలు ఓసారి జుబ్బాకి రాసుకుని, నొక్కాడు.

లోపల సీరియల్ ఆగిపోయింది. "అయ్యో మళ్ళీనా!" అంది అమ్మ.

సరిగ్గా అప్పుడు తాతయ్య చిన్నగా దగ్గి, "ఏమ్మా, కాస్త వేణ్ణీళ్ళు" అన్నాడు. అంతే, మామూలు గొంతు, పెంచలేదు కూడా. "ఆఁ, తెస్తున్నా మావయ్యగారూ" అని అమ్మ వెంటనే లేచింది. టీవీ ఎలాగూ ఆగిపోయిందిగా మరి.

నేను స్తంభం చాటునుంచి బయటికొచ్చాను. ఆయన నన్ను చూశాడు. కంగారు పడలేదురా! ఫోన్ దిండు కింద పెట్టి, చాప మీద కూర్చోమని చెయ్యి చూపించాడు.

"ఎన్నాళ్ళ నుంచి తాతయ్యా?" అన్నాను.

"దీంట్లో మీ సీరియల్ పేరు దానంతటదే వస్తుందిరా. నేనేం చెయ్యలేదు. పేరు, కింద రెండు గీతలు. ఏమిటా అని నొక్కాను. లోపల చప్పుడు ఆగింది. అప్పుడు నేను దగ్గితే మీ అమ్మ వింది."

అదిరా అసలు సంగతి. ఒకే వైఫైలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ టీవీలో ఏం ఆడుతోందో నోటిఫికేషన్ వస్తుంది. ఆపొచ్చు, నోరు మూయించొచ్చు, ఎవరు పంపినా సరే. మనమైతే అటూ ఇటూ తోసిపారేసే నోటిఫికేషన్లలో అదొకటి. ఆయన తోసెయ్యలేదు. వచ్చిన ప్రతిదీ చదువుతాడు, కరెంటు బిల్లు మెసేజ్ కూడా తేదీతో సహా చదువుతాడు.

మరి పిలవచ్చు కదా తాతయ్యా అన్నాను. పిలిచానన్నాడు. అంతే అన్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో, ఎంతసేపు... నేనూ అడగలేదు. అమ్మ తప్పేమీ లేదు, నీకు తెలుసు, ఆయనకి ఒక్క పూట కూడా లోటు చెయ్యదు. ఆ టీవీ సౌండ్ అలాంటిది, తగ్గదు కదా ఆ రిమోట్‌తో. మేమందరం ఆ గదిలోనే ఉండేవాళ్ళం మరి. నేను కూడా. సర్లే.

అయితే వినరా, ఇంతలో ఆయన నవ్వాడు. ఆయన ఇరిగేషన్‌లో లస్కరు కదా, ఉద్యోగమంతా లాకుల దగ్గరే. ఏమన్నాడో తెలుసా? "కాలవ నిండా నీళ్ళు పోతున్నంతసేపూ లస్కరనే వాడొకడున్నాడని ఏ రైతుకీ గుర్తుండదురా. తలుపు దించితే, సైకిలేసుకుని వాళ్ళే వస్తారు."

నేను చాప మీద దొర్లి నవ్వాను. అమ్మ వేణ్ణీళ్ళు పట్టుకొచ్చి, "ఏమిటా నవ్వు, వాడికి ఏం చెప్పారు?" అని అడిగితే, "కాటన్ దొర సంగతి చెబుతున్నానమ్మా" అన్నాడు. అబద్ధం ఎంత తేలిగ్గా ఆడాడో!

అడిగానురా, మా ఆవిడ అప్పుడెప్పుడో మీకు కాలింగ్ బెల్ పెట్టిద్దామంది కదా, ఎందుకొద్దన్నారు అని. "బెల్లు కొడితే వస్తున్నా అంటారు. రారు. ఇది ఆపితే వస్తారు" అన్నాడు. తిరుగుందా చెప్పు.

ఇంకోటి చెప్పకపోతే నా కడుపు పగిలిపోతుంది. బావ క్రికెట్ మ్యాచ్ గుర్తుందా, నీకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడే, ఆఖరి ఓవర్లో ఆగిపోయిందని? లైవ్ మ్యాచ్ ఆపితే మళ్ళీ ఆపిన చోటి నుంచే మొదలవుతుంది కదా, మనం వెనకబడిపోతాం. బావ సోఫా మీద గొంతుక్కూర్చుని బౌలర్ పరిగెత్తడం చూస్తుంటే, అవతల సావిట్లోంచి పక్కింటి వాళ్ళు అప్పటికే కేకలు పెట్టి టపాకాయలు కాల్చేశారు. బంతి పడకముందే ఫలితం తెలిసిపోయింది పాపం. అది కూడా మీరేనా అన్నాను. తల ఊపాడు. ఆ రోజు ఏం కావాల్సి వచ్చింది తాతయ్యా, మంచినీళ్ళా అన్నాను.

"ఏం అక్కర్లేదురా. మీ బావ కదా అని."

ఇప్పుడు నా బాధ వేరు. బావ పట్టుదల మీదున్నాడు. మా ఆవిడ ఫోన్లో గూగుల్ హోమ్ యాప్‌లోకి వెళ్ళి ఈ క్రోమ్‌కాస్ట్ సెట్టింగులు వెతికితే, పక్కవాళ్ళ ఫోన్లకి ఈ అధికారం ఇవ్వాలా వద్దా అని ఒక మీట ఉంటుంది. నేను చూశాను, ముట్టుకోలేదు. బావ ఆదివారం వస్తున్నాడు, లాప్‌టాప్ కూడా తెస్తాడట, "దీని అంతు చూస్తా" అన్నాడు. ఆ మీట ఆయన కంట పడిందా, లస్కరు ఉద్యోగం ఊడినట్టే. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. బావ నీ మాటంటే వింటాడు, దుబాయ్ వాళ్ళకంటే కువైట్ వాళ్ళకి తెలివెక్కువని ఆయన నమ్మకం. శనివారం ఫోన్ చేసి, ఆ రకంలో ఇది మామూలే, అదంతే, దాన్ని కదిపితే మొత్తం పాడవుతుందని చెప్పు. గట్టిగా చెప్పు. గొడుగు మాస్టారి దగ్గర చెప్పావే, ఆ గొంతుతో.

అమ్మకి చెప్పాలా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఒకోసారి ఆమెకి తెలుసేమో అనిపిస్తుంది. నిన్న టీవీ ఆగకముందే గ్లాసు పట్టుకుని అరుగు మీదకి వెళ్ళింది. అడిగితే వేణ్ణీళ్ళ వేళైంది కదరా అంది. వేళేమీ కాలేదు. ఏమో మరి.

మా ఆవిడకి మాత్రం చెప్పలేదు, చెబితే నవ్వు ఆపుకోలేదు, దొరికిపోతాం. తాతయ్య వీడియో కాల్‌లో నిన్ను పలకరించినప్పుడు ఏమీ తెలియనట్టు ఉండు. ఆయన నీ మొహం చూసి పట్టేస్తాడు, చిన్నప్పుడు జామకాయల దగ్గర పట్టినట్టు. అన్నట్టు ఆయనకి చదివేటప్పుడు ఫోన్లో అక్షరాలు చాలడం లేదట, పెద్ద తెర ఉన్న పాత ఫోన్ ఏదైనా నీ దగ్గర పడి ఉంటే...

ఒరేయ్, మేస్త్రీ రావులపాలెం బస్సుకి బయల్దేరిపోతున్నాడట, మీ పెద్దమ్మ వాకిట్లోంచి కేకేస్తోంది, ఆవకాయ మూత మీద కవరు పెట్టేస్తానంటోంది. నూనె అంటితే నన్ననకు. మీ తమ్ముడి చెరువు లీజు సంగతి రాయనేలేదు, అది ఫోన్లో చెప్పొచ్చులే, అందులో దాచాల్సిందేమీ లేదు. శనివారం మర్చిపోకు, బావ ఆదివారం పొద్దున్నే