మా కారు చలానాల విషయంలో సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం అండీ. మా కారు మీద పడ్డ స్పీడు చలానాల గొడవ మొత్తానికి ఒడ్డున పడింది. సాయం చేసినవాళ్లు మా ఊళ్లో కొందరు, మలికిపురంలో కొందరు, అమలాపురంలో కొందరు. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి చెప్పాను గానీ నా మనసు నిండలేదు, అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి వరసలతోనే రాస్తాను, ఎవరెవరో మన వైపు వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

సంగతేంటంటే, మా ఆయన కువైట్‌లో ఉంటారు, కారు ఆయన పేరు మీదే ఉంది. మా ఇంటికీ అత్తగారి తరఫు వాళ్లకీ అదొక్కటే కారు. గల్ఫ్ వెళ్లేవాళ్లని శంషాబాద్‌లో దింపాలన్నా, వచ్చేవాళ్లని తీసుకురావాలన్నా మా మరిదే నడుపుతాడు. ఈ మధ్య అమ్మేద్దామనుకుని పాలకొల్లు మేష్టారు ఒకరితో బేరం కుదుర్చుకున్నాం, ఆయన అడ్వాన్సు కూడా ఇచ్చారు. తరవాత పద్ధతిగా కారు నంబరు కొట్టి చూస్తే చలానాలు బయటపడ్డాయి. కొన్ని మన రాష్ట్రానివి, ఎక్కువ తెలంగాణవి, అన్నీ స్పీడువే, కలిపితే 11 వేలు దాటింది. ఆర్సీకి జత చేసి ఉన్నది మా ఆయన ఇక్కడున్నప్పటి ఫోన్ నంబరు, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది, అందుకని ఒక్క మెసేజీ కూడా మా కంటపడలేదు. అవి తేలితే గానీ కారు మేష్టారి పేరుకి మారదు.

ఇంక సలహాలు మొదలయ్యాయి. అన్నీ కట్టేసి వదిలించుకో అని మా తోడికోడలు. కొన్నాళ్లు ఆగితే రాయితీ ఇస్తారు, తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర్లో ఒకసారి ఇచ్చారుగా అని మా పెద్దాడపడుచు వాళ్లాయన. కెమెరా చలానా ఎవడూ అడగడు, అసలు కట్టొద్దని ఇంకొకళ్లు. అందరూ మా మంచికోరే చెప్పారు, కానీ మేష్టారి అడ్వాన్సు మా దగ్గరుంది, మా ఆయన అక్కడ, నిర్ణయం నా నెత్తిమీద పడింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్ పడ్డాను.

మొదటి నమస్కారం మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ బాబాయి గారికి. ఎంత కట్టాలి అని ఆయన అడగనే లేదు, "ముందు ఫోటోలు చూపించమ్మా, డబ్బు సంగతి తరవాత" అన్నారు. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పైకి తోసుకుని, ఒక్కో చలానా ఫోటోనీ ఫోన్‌లో పెద్దది చేసి చూశారు. నంబరు ప్లేటు చూసి, తేదీ చూసి, చోటు చూసి, వేగం ఎంత పడిందో చూసి, మా మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని "ఆ రోజు ఎవర్ని దింపావు, ఎన్నింటికి బయల్దేరావు" అని అడిగి, కాగితం మీద రాసుకున్నారు. అలా చూస్తుండగా ఒక చలానా దగ్గర ఆగిపోయారు. మా కారు వెనక అద్దం మీద అంతర్వేది నరసింహస్వామి స్టిక్కర్ ఉంటుంది, కొన్నప్పట్నుంచీ ఉంది. ఆ ఫోటోలో కారుకి స్టిక్కర్ లేదు, వెనక లైట్ల ఆకారం వేరు, డిక్కీ కూడా వేరుగా ఉంది. మా రంగే గానీ అసలు మా కారే కాదు! ప్లేటు మీద 8ని 3 అనుకుని మా నంబరు ఎక్కించారు. నేను ఆ ఫోటో అంతకుముందు చూశాను కూడా, నాకు తెల్లకారు మాత్రమే కనపడింది.

కట్టేసి వదిలించుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, బాబాయి గారు నాకు రెండుసార్లు చెప్పారు. చలానా కట్టడమంటే తప్పు ఒప్పుకుని రాజీ చేసుకున్నట్టే, కట్టాక ఇది మాది కాదండీ అంటే వినేవాళ్లుండరు. కాబట్టి అడగాల్సింది ముందే అడగాలి.

రెండో నమస్కారం అమలాపురం కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం దగ్గర మాతో మాట్లాడిన లాయరమ్మకి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలట, ఈ సంగతి మన ఊళ్లల్లో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు గానీ నాకైతే అప్పటిదాకా తెలీదు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆవిడ చిన్నపిల్లే, కానీ ఎంత ఓపిగ్గా చెప్పిందో! 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అని చేర్చారట, దాని ప్రకారం కెమెరా చలానాలో ప్లేటు స్పష్టంగా కనపడే ఫోటో, యంత్రం చూపిన వేగం, తేదీ, సమయం, చోటు అన్నీ ఉండాలి, నోటీసు గడువులోగా పంపాలి. అయితే మాకు అందలేదుగా, మొత్తం కొట్టించేద్దామా అని మా మరిది ఉత్సాహపడ్డాడు. ఆవిడ వెంటనే వద్దని చెప్పింది. మెసేజీ ఆర్సీలో ఉన్న నంబరుకి వెళ్లింది, నంబరు మార్పించుకోవాల్సింది మనమే, దాని మీద పోట్లాడితే మీ డబ్బూ మీ రోజులూ దండగ అని మొహం మీదే చెప్పింది. ఫీజు వస్తుంది కదా అని కేసు పెట్టించే మనిషి కాదావిడ, నాకు అది చాలా నచ్చింది.

ఒక చలానాలో వేగం పరిమితికి కాస్త పైన మాత్రమే ఉంది. దానికీ అడ్డం తిరగొచ్చని కొందరు అన్నారు. లాయరమ్మ లెక్క కట్టి చూపించింది. అది వెయ్యి రూపాయలు, పైన 35 సర్వీసు చార్జీ. దాని కోసం సూర్యాపేట వైపు కోర్టుకి రాజోలు నుంచి వెళ్లి రావాలంటే బస్సు చార్జీలూ భోజనాలూ మా మరిది పని పోగొట్టుకున్న రోజూ కలిపి అంతకు మించి అవుతుంది, పైగా ఆ స్పీడు నిజంగా పోయిందే. సరే, కట్టేద్దాం అనుకున్నాం. కోర్టుకి వెళ్లిపోయిన పాత చలానాలు ఎవరికైనా ఉంటే జాతీయ లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చో లేదో అడగమంది. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, అక్కడి తీర్పు మీద అప్పీలూ ఉండదు. మావి అంతదాకా వెళ్లలేదు.

మలికిపురంలో ఇంటర్నెట్ షాపు తమ్ముడికి ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. చలానాలన్నీ ఫోటోలతో సహా రంగు ప్రింట్లు తీసి, ఆ తప్పు చలానా మీద ఫిర్యాదు టైపు చేసి, ఆర్సీ కాపీ, మా కారు ముందూ వెనకా ఫోటోలు జతపరిచి పంపాడు. మా ఆయన చేత కువైట్ నుంచి సంతకం పెట్టిన అధికార పత్రం తెప్పించుకున్నాం, అది కూడా పెట్టాడు. ఆర్సీకి నా ఫోన్ నంబరు కూడా ఎక్కించాడు. సరిగ్గా అదే వారంలో నా వాట్సాప్‌కి "ఆర్టీఓ చలానా" అని ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. నేను ఇవే చలానాలు కాబోలు అని నొక్కబోతుంటే ఆ అబ్బాయి ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. అది ఎక్కించుకుంటే ఫోన్ వాళ్ల చేతికి వెళ్లిపోతుందట, బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారట. చలానా ఎప్పుడూ ఫైలుగా రాదు, ప్రభుత్వ సైటులో మనమే నంబరు కొట్టి చూసుకోవాలి. పొరపాటున నొక్కినవాళ్లుంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

తప్పు చలానా రద్దయింది. మిగతావన్నీ పూర్తిగా కట్టాం, పైసా తగ్గించమని ఎవర్నీ అడగలేదు. సగం మా మరిది తన జీతంలోంచి ఇచ్చాడు, వద్దన్నా వినలేదు. ఊళ్లో వాణ్ణి కొందరు కుర్రతనం అని మాటలన్నారు, అందుకే ఇది రాయాలనిపించింది. మన దగ్గర చించినాడ వంతెన దిగాక పాలకొల్లు, భీమవరం దాటేదాకా కాలువ గట్టు రోడ్లు, మలుపులు, చేపల లారీలు, బడి పిల్లల సైకిళ్లు, కారు ఎవరు తోలినా గబగబా పోలేరు. ఫ్లైటుకి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఇంట్లో మనం ఏడుపులూ భోజనాలూ పచ్చడి డబ్బాలు కట్టడాలూ అయ్యాక బయల్దేరదీసి, ఆ పోయిన టైమంతా విజయవాడ దాటాక హైవే మీద వాడే పూడ్చుకోవాలని కూర్చుంటాం. బాబాయి గారి కాగితం మీద చూస్తే మా చలానాల్లో చాలా భాగం ఆ హైవే మీదవే, వెళ్లేటప్పటివే, తిరిగొచ్చేటప్పటివి దాదాపు లేవు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ఫ్లైటుంటే పొద్దున్న టిఫిను కాగానే బయల్దేరాలని మా అత్తగారే రూలు పెట్టారు, ముద్దపప్పు ఉడక్కపోయినా సరే అన్నారు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఇళ్లవాళ్లు దయచేసి ఆలోచించండి. నాలుగు వరసల రోడ్డు మీద కారుకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకి 100 కిలోమీటర్లు, కానీ ఊళ్ల దగ్గర బోర్డు మీద ఎంతుంటే అంతే. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక కుడివైపు లేన్లకి ఒక పరిమితి, ఎడమవైపు లేన్లకి ఒకటి. నడిపేవాడి పక్కన కూర్చున్నవాళ్లు బోర్డులు చదివి చెప్పినా అదే పెద్ద సాయం.

చివరగా పాలకొల్లు మేష్టారికి. ఇంకొకళ్లయితే అడ్వాన్సు వెనక్కి ఇమ్మని గొడవ పెట్టేవారు, కనీసం ధరైనా తగ్గించేవారు. మీరు ఒక్క మాట అనకుండా, "తొందర లేదమ్మా, మీది కానిదానికి మీరు కట్టకండి" అని ఆగారు. ఆ మాట మా ఆయనకి ఫోన్‌లో చెబితే ఆయన కాసేపు మాట్లాడలేకపోయారు. కట్టిన రసీదులు, రద్దయిన చలానా కాగితం, ఇన్సూరెన్సు అన్నీ ఒక కవర్లో పెట్టాను మేష్టారూ. రెండో తాళం బీరువాలో దొరికింది, ఆదివారం మరిది వచ్చి మీ చేతికి ఇస్తాడు.